గుర్రం వీపు నొప్పికి వేడి కాపడం



నడుం పట్టేసినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు వేడినీళ్ల కాపడం పెట్టడం మీరు చూసే ఉంటారు. వీపు మీద మనుషులనూ సరుకునూ మోసే గుర్రానికి కూడా ఈ వైద్యం పనికివస్తుంది. అయితే కాపడం ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో తెలియకపోతే మేలుకు బదులు కీడు జరుగుతుంది. ఈ పాఠంలో ఆ తేడా తెలుసుకుందాం.

గుర్రానికి సాధారణంగా ఛాతీ భాగంలో 18, నడుము భాగంలో 6 వెన్నుపూసలు ఉంటాయి. జీను ఛాతీ పూసలకు ఇరువైపులా ఉన్న పొడవాటి కండరాల మీద ఆనుతుంది. జీను సరిగా అమరకపోయినా, బరువు ఒకవైపుకు ఒరిగినా ఆ కండరాలు బిగుసుకుపోతాయి. బిగుసుకున్న కండరానికి రక్తం సరిగా అందదు. నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి కండరం మరింత బిగుస్తుంది. వేడి తగిలితే రక్తనాళాలు వ్యాకోచించి రక్తప్రసారం పెరుగుతుంది, కండరం సడలుతుంది, నొప్పి తగ్గుతుంది.

గుర్రం తన బాధను నోటితో చెప్పలేదు. జీను వేయబోతే చెవులు వెనక్కి వాల్చడం, తోక విదిలించడం, వీపు తడిమితే కిందికి కుంగడం దాని భాష.

దెబ్బ కొత్తదై, వాపు వేడిగా ఉంటే మొదటి రెండు మూడు రోజులు చన్నీటి కాపడమే పెట్టాలి. అప్పుడు వేడి తగిలితే వాపు పెరుగుతుంది. వాపు తగ్గాక, లేదా పాత పట్టు బాధిస్తున్నప్పుడు వేడి మంచిది. తువ్వాలును వేడినీళ్లలో ముంచి పిండి, ముందు మీ ముంజేతి లోపలివైపు ఆనించి చూడండి. హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. చల్లారినప్పుడల్లా మారుస్తూ 15 నుంచి 20 నిమిషాలు కాపడం పెట్టాలి. తరువాత వీపు తుడిచి ఆరబెట్టి, గుర్రాన్ని మెల్లగా నడిపించాలి. పుండ్ల మీద గానీ, నొప్పి తైలం రాసినచోట గానీ వేడి పెట్టకూడదు. పని చేసిన తరువాత కండరాలు రాయిలా గట్టిపడి, మూత్రం ముదురు రంగులో వస్తే నడిపించకుండా వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. కాపడం వేడి పైపొరలకే చేరుతుంది. పైగా అది నొప్పిని తగ్గిస్తుందే గాని, కారణాన్ని తొలగించదు. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు యాత్రికులను మోసే గుర్రాలను, కంచరగాడిదలను తలచుకోండి. రాత్రి కాపడం పెట్టి, తెల్లవారగానే అదే జీను, అదే బరువు వేస్తే ఏం ప్రయోజనం? నొప్పి తగ్గిందని పనిలో పెట్టిన జంతువుకు గాయం ముదురుతుంది. బరువులు లాగే, మోసే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనలు టట్టు వీపు మీద 70 కిలోలకు మించి సరుకు వేయకూడదన్నాయి. విశ్రాంతి, సరైన జీను, తగిన బరువు ఉంటేనే కాపడం ఫలిస్తుంది.

మీ ఊళ్లో జట్కా గుర్రమో, పెళ్లి ఊరేగింపు గుర్రమో కనిపిస్తే యజమాని అనుమతితో పక్కనుంచి దాన్ని పరిశీలించండి. వెనుక మాత్రం నిలబడకండి. జీను ఎక్కడ ఒత్తుతోందో, అక్కడ వెంట్రుకలు రాలాయేమో చూడండి. గమనించినది ఆ యజమానితో మర్యాదగా చెప్పండి. ఆ గుర్రానికి వైద్యం అక్కడినుంచే మొదలవుతుంది.