తెప్ప – కెరటము

మన తూర్పుతీరమున రేవులేని పల్లెలే ఎక్కువ. అచట జాలరి ఇసుక మీదినుండియే బయలుదేరి, విరిగిపడు కెరటములను దాటి, కడలిలోనికి పోవలెను. అందులకు పెద్దలు కనుగొనిన ఉపాయము తెప్ప. తేలికదుంగలను త్రాళ్లతో బిగించి కట్టుటయే దాని నిర్మాణము. పైకెక్కిన నీరు దుంగల సందులనుండి జారిపోవును గనుక, నీరు నిండి మునుగుట దానికి లేదు. ఒడ్డుచేరిన పిమ్మట కట్లు విప్పి దుంగలను ఎండబెట్టుదురు. పెద్దవలలకు వాడిన మసులా పడవకును మేకులుండవు. చెక్కలను కొబ్బరినార త్రాటితో కుట్టుదురు. కెరటము కొట్టినపుడు అది పగులక, వంగి తట్టుకొనును.

1933లో విశాఖ రేవు తెరచినపిమ్మట అచటికి వచ్చు ఓడలకు కెరటముల బాధ తప్పినది, పల్లెజాలరికి తప్పలేదు. అటుపిమ్మట ఫైబరు పడవలును ఇంజనులును వచ్చి తెప్పలను చాలవరకు తొలగించినవి. శ్రమ తగ్గినది, వేటదూరము పెరిగినది. కాని ఏ కెరటమును పోనిచ్చి, దేని వెనుక ముందునకు సాగవలెనో ఇంజను ఎరుగదు. అది తండ్రి ప్రక్కన నిలిచి కొడుకు నేర్చిన విద్య. అది తప్పినచోట, ఎంత ఇంజను ఉన్నను పడవ బోల్తాపడును.

ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు ఇంజను పడవలకు వేట నిషిద్ధము. తెడ్డుతో నడచు తెప్పకు ఆ అడ్డు లేదు. కెరటమెరిగిన వృద్ధులు పల్లెలలో ఇంకను ఉన్నారు. పడుచువారు వారివెంట తెప్ప ఎక్కి నేర్చుకొనుటకు అదియే అదను.