పొట్టి సినిమాలు – నా మూడు అభ్యంతరాలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అజెండాలో ఆరో అంశం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. అంశం చిన్నదే. 2025 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారం, మన ఊరి కుర్రకారు కొందరు మూడు రోజులపాటు పొట్టి సినిమాల పండుగ చేసుకుంటామని మన హాలు అడిగారు. ఇచ్చాం. వచ్చే జనవరిలో కూడా ఇవ్వాలా వద్దా అన్నది ఈ రోజు తేల్చాలి.

దీని మీద నన్నే ఎందుకు మాట్లాడమన్నారో కార్యవర్గంలోని వారికి తెలుసు. కిందటిసారి హాలు ఇవ్వొద్దని అందరికంటే ముందు చేయెత్తినవాణ్ణి నేనే. ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాను. సర్వీసంతా ఆడిట్‌లో గడిపినవాణ్ణి కనుక నోటితో చెప్పి ఊరుకోలేదు. మూడు అభ్యంతరాలు మూడు పేరాలుగా రాసి ఇచ్చాను. ఆ కాగితం మినిట్స్ పుస్తకంలో అంటించి ఉంది. మొదటిది, హాలు పాడవుతుంది, ఖర్చు మన నెత్తిన పడుతుంది. రెండోది, ఇవి అసలు సినిమాలే కావు, పెద్ద సినిమా తీసే తాహతు లేనివాళ్ళ సరదాలు. మూడోది, పెన్షనర్ల హాలుకూ వీటికీ ఎలాంటి సంబంధమూ లేదు. ఇవాళ ఈ మూడింటికీ నేనే జవాబు చెప్పుకోవాలి.

మొదటి పేరా తొందరగా తేలిపోతుంది. ఓడిపోయిన కోపంతో, మూడు రోజులూ హాలుకు కాపలా నేనుంటానని అన్నాను. రోజూ సాయంత్రం కుర్చీలు లెక్కపెట్టాను. నూట పది కుర్చీల్లో ఒకదాని కాలు విరిగింది. మర్నాడు పొద్దున్నే కొత్తది తెచ్చి పెట్టారు. కరెంటు మీటరు రీడింగు ముందూ వెనకా రాసుకుని, తేడా ఎంతో అంత కట్టారు. సినిమాలు వేయడానికి అనుమతులున్నాయా అని అడిగితే, ఫైలు తెచ్చి నా ముందు పెట్టారు. పేజీలకు నంబర్లు కూడా వేసి ఉన్నాయి. నా సర్వీసులో అలాంటి ఫైళ్ళు ఎక్కువ చూడలేదు. మొదటి అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నాను.

కుర్చీలు లెక్కపెట్టడానికి కూర్చున్నవాణ్ణి కళ్ళు మూసుకుని కూర్చోలేను కదా. మొత్తం 31 సినిమాలు చూశాను. నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. అన్నిటికంటే చిన్నది రెండు నిమిషాలు. ఏదీ 40 నిమిషాలు దాటలేదు. ఆస్కార్ వాళ్ళ లెక్కలో కూడా పొట్టి సినిమాకు హద్దు 40 నిమిషాలేనట. ఒకదాని తరువాత ఒకటి ఏమాత్రం పొంతన లేకుండా వేశారు. కెనడా సినిమా అయ్యాక మన ఊరి చెరువు మీద సినిమా, దాని వెనక హాలండ్ సినిమా. నిజం చెప్పాలంటే నాలుగు నాకు అర్థం కాలేదు. ఒకదానిలో ఆరు నిమిషాలపాటు ఫ్యాను తిరుగుతూనే ఉంది. రెండు అర్థమయ్యాయి కాని నచ్చలేదు. మిగిలినవి మాత్రం, ఈ వయసులో చూసినందుకు సంతోషించదగ్గవి.

రెండో పేరా సంగతి. 'ఇవి అసలు సినిమాలే కావు' అని రాశాను. తెలియక రాశాను. అసలు సినిమా పుట్టిందే పొట్టిగా. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చూపించినవి పది చిత్రాలు. ఒక్కొక్కటీ నిమిషం కూడా ఉండదు. ఏడు నెలలు తిరక్కుండానే, 1896 జూలై 7న, అలాంటివే బొంబాయిలోని వాట్సన్ హోటల్లో వేశారు. తెలుగు సినిమాకు పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్యగారు, మన మచిలీపట్నంలో పుట్టినాయన, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి ఊళ్ళు తిరుగుతూ చూపించినవీ చిన్న చిత్రాలే. అదే 1910లో గురజాడవారి 'దిద్దుబాటు' అచ్చయింది. కొద్ది పేజీల కథ. అది నవల కాలేకపోయిందని ఈనాటి దాకా ఎవరూ అనలేదు. సినిమా విషయంలో మాత్రం ఆ మాట నేను అన్నాను.

మచ్చుకు మూడు చెబుతాను. 'నైబర్స్' అని కెనడా సినిమా. నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీశాడు. ఎనిమిది నిమిషాలు. మాటలు లేవు. పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఇద్దరు కుర్చీలు వేసుకుని పేపరు చదువుకుంటూ ఉంటారు. ఇద్దరి మధ్యా నేలలోంచి ఒక పువ్వు మొలుస్తుంది. మొదట ఇద్దరూ మురిసిపోతారు. ఆ తరువాత, అది ఎవరి హద్దులో ఉన్నట్టు అన్న పేచీ వస్తుంది. కంచె వేస్తారు. ఆ కంచె కర్రలే పీకి కొట్టుకుంటారు. ఇళ్ళు కూలిపోతాయి. చివరికి ఇద్దరూ చస్తారు; ఒక్కొక్కరి సమాధి మీదా ఒక్కొక్క పువ్వు నిలుస్తుంది. ఒక్కొక్క ఫ్రేమూ తీస్తూ మనుషులను బొమ్మల్లా కదిలించారు. చూస్తుంటే నవ్వొస్తుంది, అయ్యాక భయమేస్తుంది. దీనికి ఆస్కార్ వచ్చింది. నా పక్కన రెవెన్యూలో పనిచేసిన మన మిత్రులొకరు కూర్చున్నారు. "మన సర్వే నంబరు తగాదాలు ఇంతేనండీ. కాకపోతే మన దగ్గర ఎనిమిది నిమిషాల్లో తేలవు, మూడు తరాలు పడుతుంది" అన్నారు.

రెండోది 'గ్లాస్'. హాలండ్ దర్శకుడు బెర్ట్ హాన్‌స్ట్రా 1958లో తీశాడు. ఇదీ ఆస్కార్ పొందినదే. గాజు ఊదే పనివాళ్ళు బుగ్గలు పూరించి గొట్టంలోకి ఊదుతుంటే ఎర్రటి ముద్ద మెల్లగా కూజాగా మారుతుంది. ఆ తరువాత యంత్రం వస్తుంది. సీసాలు వరుసగా నడిచి వస్తుంటాయి. ఒకచోట ఒక సీసా పగిలి అడ్డుపడుతుంది. యంత్రానికి ఆ సంగతి తెలియదు. వెనక వచ్చేవి వచ్చినట్టే పడి పగులుతూ ఉంటాయి. ఒక మనిషి వచ్చి చేత్తో ఆ పగిలిన సీసా తీసేదాకా అంతే. ఆఫీసులో కంప్యూటర్లు వచ్చిన రోజులు చూసినవాళ్ళం. మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మూడోది సత్యజిత్ రాయ్‌గారు 1964లో తీసిన 'టూ'. పావుగంట ఉంటుంది. మేడమీద గదినిండా బొమ్మలున్న పిల్లవాడు ఒకడు, కింద ఖాళీ జాగాలో పిల్లంగోవి ఊదుకునే పేదపిల్లవాడు ఒకడు. కిందివాడు ఏది తెచ్చినా పైవాడు దానికి మించినది చూపిస్తాడు. చివరికి వాడి గాలిపటం ఎగురుతుంటే ఓర్చుకోలేక ఎయిర్‌గన్‌తో కొట్టి చింపుతాడు. ఆ తరువాత తన బొమ్మల మధ్య కూర్చుంటే, కింద నుంచి మళ్ళీ పిల్లంగోవి వినిపిస్తుంది. ఒక్క మాట లేదు. మా తొమ్మిదేళ్ళ మనవరాలు నా పక్కనే చూసింది. ఇంటికి వెళ్ళేదాకా ఏమీ మాట్లాడలేదు. మూడు గంటల సినిమాకు తీసుకెళ్ళినప్పుడు ఎప్పుడూ ఇలా జరగలేదు.

ఇక్కడ మన తరం తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1948లో ఫిల్మ్స్ డివిజన్ పెట్టిన తరువాత దశాబ్దాల తరబడి ప్రతి సినిమా హాల్లోనూ అసలు సినిమాకు ముందు వాళ్ళ చిత్రం తప్పనిసరిగా వేసేవారు. మనం ఏం చేశాం? బయట సోడా కొట్టు దగ్గర నిలబడి, "న్యూస్ రీలు అయిపోయిందా?" అని గేటుకీపర్ని అడిగి మరీ లోపలికి వెళ్ళాం. 2022లో ఫిల్మ్స్ డివిజన్‌ను ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపేశారు. ఆ చిత్రాలు మన ముందుకొచ్చినన్నాళ్ళూ మనం బయటే ఉన్నాం.

అలా బయట నిలబడి పోగొట్టుకున్న వాటిల్లో ఒకటి రెండో రోజు మన హాల్లోనే చూశాను. 'ఐ యామ్ ట్వంటీ'. ఎస్.ఎన్.ఎస్. శాస్త్రిగారు 1967లో తీశారు. ఇరవై నిమిషాల లోపే. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో పుట్టి ఇరవై ఏళ్ళు నిండిన యువతీయువకులను పలకరించి, మీకేం కావాలి, ఈ దేశం గురించి ఏమనుకుంటున్నారు అని అడుగుతారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క రకంగా చెబుతారు. కొందరికి బోలెడు ఆశ, కొందరికి విసుగు. నేను 1948లో పుట్టాను. తెర మీద ఉన్నవాళ్ళు నా ఈడువాళ్ళు. ఆ దువ్విన జుట్టు, ఆ తొందర, ఆ ధీమా అన్నీ నావే. ఇప్పుడు వాళ్ళకు 78 ఏళ్ళు. ఎవరెవరున్నారో, ఎవరు లేరో. నా ఇరవయ్యో ఏట ఎవరో నన్ను అడిగి రాసిపెట్టిన జవాబును ఇన్నాళ్ళకు నా చేతికి ఇచ్చినట్టనిపించింది. రెండో పేరా కూడా ఉపసంహరించుకుంటున్నాను.

ఇక మూడోది. పెన్షనర్ల హాలుకూ వీటికీ సంబంధం లేదన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం తొమ్మిది నిమిషాల సినిమా ఒకటి వేశారు. తీసింది మన ఊరి అమ్మాయే. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో, ఫోనుతో తీసింది. జీతంలోంచి పదకొండు వేలు ఖర్చయిందని చెప్పింది. నటించింది ఆమె తాతగారు. కథ ఏమీ లేదు. రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళతాడు. యంత్రం మీద బొటనవేలు పెడతాడు. ముద్ర కలవదు. తుడుచుకుని మళ్ళీ పెడతాడు. కలవదు. చూపుడువేలు, మధ్యవేలు, రెండో చేయి, ఏదీ కలవదు. కౌంటరులో ఉన్న కుర్రాడు చెడ్డవాడేం కాదు. "రేపు రండి తాతగారూ, చేతికి నూనె రాసుకుని రండి" అంటాడు. వెనక వరుసలో వాళ్ళు విసుక్కుంటారు. ఆయన ఇంటికొస్తాడు. "అయిందా?" అని భార్య అడుగుతుంది. "నేనింకా బతికున్నట్టు తేలలేదే" అంటాడు. సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటారు. కెమెరా ఆయన బొటనవేలి మీదే ఉంటుంది. అంతటితో అయిపోయింది.

'బతికున్నట్టు తేలలేదే' అన్నప్పుడు హాలంతా నవ్వింది. చిక్కుడుకాయల దగ్గరికొచ్చేసరికి ఎవరూ నవ్వలేదు.

దీపాలు వేశాక మన సభ్యులొకరు, 84 ఏళ్ళవారు, మైకు అడిగారు. "నాకూ ఇలాగే రెండేళ్ళు జరిగింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే చాదస్తమంటారని ఊరుకున్నాను" అన్నారు. ఆ తరువాత ఇంకొకరు లేచారు, ఆ వెనక మరొకరు. మొత్తం ఏడుగురు తేలారు. ఒకరికి మూడు నెలల పెన్షన్ ఆగి, అప్పు చేశారట. ఆ ఏడుగురిలో ఆఖరివాణ్ణి నేను. మేమందరం పదేళ్ళుగా రోజూ ఈ హాల్లోనే పక్కపక్కన కూర్చుని పేపరు చదువుకుంటున్నాం, క్యారమ్స్ ఆడుకుంటున్నాం. ఒకరికొకరం చెప్పుకోలేదు. వేలి గీతలు అరిగిపోవడం కూడా ఒక సిగ్గే అనుకున్నాం. ఆ అమ్మాయి సినిమా తీయకపోతే ఇంకా ఎన్నాళ్ళు దాచుకునేవాళ్ళమో.

అక్కడితో ఆగలేదు. జీవన్ ప్రమాణ్ పద్ధతి 2014 నవంబరులో వచ్చింది. వేలిముద్ర లేకుండా ముఖం చూపించి ఫోను ద్వారానే సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు 2021 నవంబరులో వచ్చింది. ఆ సంగతి మాలో చాలామందికి తెలియదు. తెలిసినవారికి ఫోనులో చేయడం తెలియదు. మొన్న లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో ఆ పండుగ చేసిన పిల్లలే నలుగురు, ఆ అమ్మాయితో సహా, రెండు ఆదివారాలు పొద్దున్నే వచ్చి ఇదే హాల్లో బల్ల వేసుకుని కూర్చున్నారు. 43 మందికి పని పూర్తి చేసి పెట్టారు. టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. నా వంతు వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఫోను నా ముఖానికి ఎదురుగా పట్టుకుని, "తాతగారూ, ఒక్కసారి కళ్ళు ఆర్పండి" అంది. ఆర్పాను. "మీరు ఉన్నారు" అంది.

అధ్యక్షా, మూడో అభ్యంతరం కూడా ఉపసంహరించుకుంటున్నాను. మినిట్స్‌లో రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఆఖరుగా కొన్ని మాటలు. ఈ పిల్లల వెనక కంపెనీలు లేవు, నిర్మాతలు లేరు. సొంత డబ్బుతో, స్నేహితుల సాయంతో తీస్తారు. తీసినదాన్ని ఎవరైనా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూస్తే చాలునంటారు. వాళ్ళకు కావలసింది కూర్చునే మనిషి. మన దగ్గర పుష్కలంగా ఉన్నది కాలం. పైగా పది నిమిషాల సినిమా మన మోకాళ్ళకూ, ఇతర అవసరాలకూ ఎంతో అనుకూలం.

హాలు ఇద్దాం, మూడు షరతులతో. ఒకటి, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవలేని వారి కోసం ఒకరు పక్కన ఉండి తెలుగులో చదివి చెప్పాలి. రెండు, ఏ సినిమా ఎన్ని నిమిషాలో పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయాలి. ఈ రెండూ వాళ్ళకు. మూడోది మనకు: బయట టీ దగ్గర నిలబడి "మొదలైందా?" అని అడగకుండా, వేళకు లోపల ఉండాలి. ఆ పని అరవై ఏళ్ళ కిందట చేయలేదు, ఇప్పుడైనా చేద్దాం.

కిందటిసారి ఇదే హాల్లో వద్దని ఎత్తిన చేయి ఇది. ఈసారి ఇవ్వాలని ఎత్తుతున్నాను. మీరూ ఎత్తవలసిందిగా కోరుతున్నాను.