పిల్లలు లేకపోతే పరీక్ష ఎవరికి?

(మహిళా సంఘం సమావేశంలో ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈరోజు మాట్లాడబోయేది మగవారి శరీరం గురించి. స్త్రీల హక్కుల సభలో ఈ గొడవెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మగవాడి శరీరం గురించి తెలియనితనానికి శిక్ష పడుతున్నది ఆడదానికి. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

పెళ్ళయి రెండేళ్ళయినా కడుపు పండకపోతే మొదట ఆసుపత్రి మెట్లెక్కేది కోడలే. రక్తపరీక్షలు, స్కానింగులు, మత్తుమందిచ్చి పొట్టకు రంధ్రం పెట్టి చేసే పరీక్షలు అన్నీ అయిపోతాయి. అప్పటికీ భర్తకు వీర్యపరీక్ష జరగని ఇళ్ళున్నాయి. నిజానికి సంతానం లేని జంటల్లో దాదాపు సగం మంది విషయంలో మగవాడి వైపు లోపం ఉంటుంది. కొందరిలో అదొక్కటే కారణం, కొందరిలో ఇద్దరి లోపమూ కలిసి ఉంటుంది.

"మావాడికేం, దుక్కలా ఉన్నాడు" అంటుంది అత్తగారు. ఆ మాట ఎందుకు తప్పో తెలియాలంటే వృషణం ఎలా తయారవుతుందో చూడాలి.

తల్లి కడుపులో సుమారు ఆరో వారం దాకా ఆడపిండానికీ మగపిండానికీ బీజకోశాలు ఒక్కలాగే ఉంటాయి. మగపిండంలోని వై క్రోమోజోము మీద ఎస్.ఆర్.వై. అనే జన్యువు ఉంది. దీన్ని 1990లో లండన్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. అది పని మొదలుపెట్టగానే బీజకోశంలోని కొన్ని కణాలు సెర్టోలి కణాలుగా మారతాయి. 1865లో వీటిని వర్ణించిన ఇటలీ శాస్త్రజ్ఞుడి పేరే వీటికి పెట్టారు. ఇవి దాదుల్లాంటివి. బీజకణాలను మధ్యలో పెట్టుకుని వరుస కడతాయి. ఆ వరుసలే తర్వాత సన్నని నాళాలవుతాయి. నాళాల మధ్య ఖాళీల్లో లేడిగ్ కణాలనే మరో రకం కణాలు పుట్టి, టెస్టోస్టిరాన్ అనే హార్మోనును తయారుచేస్తాయి.

ఈ రెండింటి తేడా దయచేసి గుర్తుపెట్టుకోండి. మీసం, గొంతు, కండ, కోరిక లేడిగ్ కణాల హార్మోను చలవ. వీర్యకణాలు పెరిగేది నాళాల లోపల, సెర్టోలి కణాల పోషణలో. మొదటిది చక్కగా ఉండి, రెండోది పూర్తిగా దెబ్బతినవచ్చు. కాపురం సజావుగా సాగుతున్నా పిల్లలు పుట్టకపోవచ్చు. వీర్యంలో ఎక్కువ భాగం ఇతర గ్రంథుల నుంచి వచ్చే ద్రవమే కనుక, అందులో ఒక్క వీర్యకణం లేకపోయినా కంటికి తేడా తెలియదు. మైక్రోస్కోపు కింద చూడవలసిందే.

ఈ సెర్టోలి కణాల సంఖ్య యుక్తవయసు వచ్చేదాకా పెరిగి, ఆ తర్వాత ఆగిపోతుంది. ఒక్కొక్క కణం సాకగలిగే బీజకణాలు కొన్నే. అంటే పెద్దయ్యాక పండే పంటకు మడి చిన్నతనంలోనే సిద్ధమవుతుందన్నమాట. వృషణాలకు శరీరం కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ వేడి కావాలి. అందుకే అవి పొట్టలోంచి కింది సంచిలోకి దిగుతాయి. మగబిడ్డకు ఆరు నెలలు నిండినా దిగకపోతే డాక్టరుకు చూపించండి. ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయిస్తే మంచిది. యుక్తవయసు దాటాక వచ్చే గవదబిళ్ళలు కూడా వృషణాలను దెబ్బతీయవచ్చు. పుట్టుకతో వచ్చే క్రోమోజోము తేడాలూ ఉన్నాయి. మగతనం పెంచుతామంటూ ఇచ్చే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు మరీ ప్రమాదం. బయటినుంచి ఆ హార్మోను అందితే మెదడు వృషణాలకు సంకేతాలు ఆపేస్తుంది. వీర్యకణాల తయారీ పడిపోతుంది.

1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డి.బి.సి.పి. అనే పురుగుమందు తయారుచేసే కార్మికులు, తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. పరీక్షలు చేయిస్తే చాలామందిలో వీర్యకణాలు లేవు, లేదా బాగా తగ్గిపోయాయి. మగవాళ్ళు సిగ్గుపడకుండా మాట్లాడుకోబట్టే ఆ విషం సంగతి బయటపడింది.

వీర్యపరీక్షకు కోత లేదు, మత్తు లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు. ఒక వీర్యకణం తయారుకావడానికి రెండు నెలల పైనే పడుతుంది. మధ్యలో పెద్ద జ్వరం వచ్చినా లెక్క తగ్గవచ్చు. కనుక ఫలితం బాగా లేకపోతే కొంతకాలం ఆగి మళ్ళీ చేయించాలి.

ఇంకో సంగతి. ఒక్క వీర్యకణాన్ని అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతిలో పిల్లలు పుట్టిన సంగతి 1992లో బ్రస్సెల్స్ వైద్యులు లోకానికి తెలిపారు. అది చాలామంది మగవారికి వరమైంది. కానీ లోపం భర్తదే అయినా హార్మోను ఇంజెక్షన్లు పొడిపించుకునేది, అండాలు తీయించుకునేది భార్యే. అందుకే ఆమెకు అంతా వివరించి, రాతపూర్వకంగా ఆమె అంగీకారం తీసుకోవాలని 2021 నాటి చట్టం చెబుతోంది. వద్దనే హక్కు కూడా ఆమెదే.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి మరో రెండు మాటలు. పిల్లలు లేకపోవడం హిందూ వివాహ చట్టం కింద విడాకులకు కారణం కాదు. భార్య ఒప్పుకున్నా సరే, ఆమె ఉండగా రెండో పెళ్ళి నేరమే. 2005 నాటి గృహహింస చట్టమైతే, పిల్లలు లేరనీ, మగపిల్లవాడు లేడనీ అవమానించడాన్ని, ఎగతాళి చేయడాన్ని హింసగానే పేర్కొంది. "గొడ్రాలు" అన్న తిట్టును మౌనంగా మింగవలసిన పని లేదు.

ఇంతకాలం మనం మోసిన నిందను తీసి మగవాడి నెత్తిన పెట్టమని నేను చెప్పడం లేదు. కడుపులో ఉన్నప్పుడో, పసితనంలోనో కణాల్లో జరిగినదానికి ఏ మనిషినీ తప్పు పట్టలేం. నేను కోరేది ఒక్కటే. మీ ఇంట్లోనో, మీ వాడలోనో పిల్లలు లేని జంట ఉంటే, ఇద్దరినీ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళమనండి. ఆడపిల్ల ఒంటిమీద కత్తి పెట్టకముందే భర్త పరీక్ష కాగితం అడగండి. అడగడం మన హక్కు.

సెలవు.