ఇంట్లో చెప్పుకోగలిగిన బిడ్డ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లల పెంపకం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. నేను మనస్తత్వ శాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పై ఏళ్ళుగా ఫ్యాక్టరీల్లో యంత్రాల మధ్య తిరుగుతున్న ఇంజనీరును. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే ఈ విషయంలోకి వస్తాను.

మా పనిలో 'నియర్ మిస్' అనే మాట ఉంది. ప్రమాదం జరగలేదు గానీ వెంట్రుకవాసిలో తప్పిందని అర్థం. పైనుంచి స్పానర్ జారిపడింది, అదృష్టవశాత్తూ కింద ఎవరూ లేరు. ఆ సంగతి పనివాడు వచ్చి చెబితే, రేపు ఇంకొకరి తల పగలకుండా అడ్డంగా వల కట్టుకోవచ్చు. చెప్పినవాణ్ణి నలుగురిలో తిట్టి మెమో ఇచ్చామనుకోండి. స్పానర్లు పడడం ఆగదు, వచ్చి చెప్పడం ఆగిపోతుంది. రిజిస్టరు మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. అలాంటి రిజిస్టరును చూస్తే అనుభవమున్న సేఫ్టీ ఆఫీసరుకు గుండె దడ పుడుతుంది.

విమానయానంలో ఈ సంగతిని చాలా ముందే గ్రహించారు. అమెరికాలో 1976 నుంచి ఒక ఏర్పాటు నడుస్తోంది. పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాటును తామే రాసి పంపవచ్చు. దాన్ని అందుకునేది శిక్షించే శాఖ కాదు, నాసా. పేరు బయటపెట్టరు. కావాలని చేసింది కాకపోతే, నేరమో ప్రమాదమో జరగకపోతే, పది రోజుల్లోగా తెలియజేసినవారికి సాధారణంగా శిక్ష నుంచి మినహాయింపు దొరుకుతుంది. తప్పును ఒప్పు అనడం కాదిది. ఒకరిని శిక్షించడం కన్నా సంగతి తెలియడమే పదిమందికి మేలు అన్న లెక్క.

ఇంటికీ ఇదే లెక్క వర్తిస్తుందని నా నమ్మకం. 'పిల్లల మీద ఓ కన్నేసి ఉంచితే చెడిపోరు' అని మనవాళ్ళు అంటుంటారు. స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు పరిశోధకులు 14 ఏళ్ళ పిల్లలు 703 మందిని, వాళ్ళ తల్లిదండ్రులను అడిగి 2000 సంవత్సరంలో ఒక అధ్యయనం ప్రచురించారు. అంటే మన తొమ్మిదో తరగతి వయసు పిల్లలు. తల్లిదండ్రులకు తమ పిల్లల గురించి తెలిసిన సంగతులు ఎక్కువగా నిఘా వల్లనో, ఆరా తీయడం వల్లనో తెలిసినవి కావట. పిల్లలు తమంతట తామే చెప్పినవట. పెడదారి పట్టని పిల్లల్లో ఎక్కువగా కనిపించిందీ ఆ చెప్పుకునే అలవాటే. చెప్పుకోవడం వల్ల బాగుపడతారా, బాగున్న పిల్లలే చెప్పుకుంటారా అన్న ప్రశ్న ఒక్క అధ్యయనంతో తేలేది కాదు. కానీ కన్నేసి ఉంచడం ఒక్కటే చాలదని మాత్రం తెలుస్తోంది.

మన చుట్టూ చూద్దాం. కాలేజీ కుర్రాడు ఫోన్లో లోన్ యాప్ ద్వారా ఐదు వేలు తీసుకుంటాడు. గడువు దాటగానే వాళ్ళు అతని ఫోన్లోని నంబర్లన్నిటికీ పరువు తీసే మెసేజీలు పంపుతామంటారు. అది తీర్చడానికి ఇంకో యాప్, దాన్ని తీర్చడానికి మరొకటి. ఒక అమ్మాయి నమ్మి పంపిన ఫోటోను పట్టుకుని ఇంకొకడు బెదిరిస్తాడు. ఈ రెండుచోట్లా బెదిరించేవాడి పెట్టుబడి డబ్బూ కాదు, ఫోటో కూడా కాదు. 'మీ నాన్నకు చెబుతా' అన్న ఒక్క మాట. నాన్నకు ముందే తెలిసిన ఇంట్లో ఆ మాట చెల్లదు.

మన రెండు రాష్ట్రాల్లో పదో తరగతి కాగానే పిల్లల్ని ఇంటర్ హాస్టళ్ళలో వేస్తున్నాం. ఆదివారం ఫోన్ రాగానే మన మొదటి ప్రశ్న, 'వీకెండ్ టెస్టులో ఎంతొచ్చింది?' తిన్నావా, నిద్ర పడుతోందా అన్నవి తర్వాత. ఇంటర్ ఫలితాల మర్నాడు పేపరు తెరవాలంటే భయపడే పరిస్థితికి ఈ ప్రశ్నల వరస కూడా ఒక కారణమేమో ఆలోచించండి.

పెళ్ళి తర్వాతా ఇదే కథ. అత్తవారింట్లో చెయ్యి చేసుకుంటున్నారని ఆడపిల్ల పుట్టింటికి ఫోన్ చేసినప్పుడు 'సర్దుకుపోవాలమ్మా' అంటే, రెండోసారి ఫోన్ రాదు. ఆ మొదటి ఫోన్ చేసే ధైర్యం కూడా పెళ్ళిపీటల మీద పుట్టేది కాదు. ఆరో తరగతిలో మార్కులు తగ్గిన ప్రోగ్రెస్ కార్డు ఇంటికి తెచ్చిన రోజున మనం ఎలా మాట్లాడామో, అక్కడ పుడుతుంది. మగపిల్లల సంగతీ అంతే. అమ్మ మాట్లాడబోతే నాన్న గొంతు పెంచి ఆపేయడం రోజూ చూసిన కొడుకు, రేపు తన భార్య దగ్గర అదే చేస్తే మనం ఆశ్చర్యపోనక్కర్లేదు.

'అయితే క్రమశిక్షణ వద్దంటావా?' అని పెద్దలు అడగవచ్చు. వద్దనడం లేదు. యంత్రంలో ఏదైనా తేడా వస్తే మేము ముందు యంత్రాన్ని ఆపుతాం, మనుషులను పక్కకు తీసుకువస్తాం, ఆ తర్వాతే ఎవరిది తప్పో చూస్తాం. ఇంట్లోనూ అదే వరస ఉండాలి. ముందు పూర్తిగా వినాలి. తర్వాత ప్రమాదాన్ని ఆపాలి. తప్పు గురించి మర్నాడు మాట్లాడుకోవచ్చు. ఆ మర్నాడు కచ్చితంగా మాట్లాడాలి కూడా.

మరి అలాంటి ఇల్లు దొరకని పిల్లల మాటేమిటి? హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు లాంటి కష్టాల మధ్య పెరిగినవారిలో కూడా సుమారు మూడోవంతు మంది నిలదొక్కుకుని మంచి మనుషులయ్యారు. వారిలో చాలామందికి వెన్నుదన్నుగా కనీసం ఒక పెద్ద మనిషి ఉన్నారు. కొందరికి అమ్మమ్మ, కొందరికి పక్కింటివారు, కొందరికి బడిలో టీచరు.

గురువులారా, ఆ ఒక్క మనిషి మీరు కావచ్చు. మన తరగతుల్లో కొందరికి మీరు అలా నిలబడ్డారు కూడా. ఆ సంగతి మీకు తెలియకపోవచ్చు, వాళ్ళకు తెలుసు.

మన సంఘానికి ఒక చిన్న విన్నపం. ఈ ఏడాది మనం కట్టించే గదులతో పాటు ఒక పని చేద్దాం. నెలకో శనివారం మనలో ఇద్దరు ముగ్గురు వచ్చి, టీచర్ల సమక్షంలోనే, బడి ఆవరణలోనే, తొమ్మిది, పది తరగతుల పిల్లలతో కూర్చుందాం. ఉపన్యాసాలు వద్దు, వాళ్ళు చెప్పింది విందాం. బడి గోడ మీద నాలుగు నంబర్లు పెద్ద అక్షరాలతో రాయిద్దాం. పిల్లల సహాయానికి 1098, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416, ఆన్‌లైన్ మోసాలకు 1930, ఆడవారి సహాయానికి 181.

ఇంటికి వెళ్ళాక మీ పిల్లలను ఒక్క మాట అడగండి. 'నాకు చెప్పడానికి భయపడుతున్నది ఏమైనా ఉందా?' అని. మొదటిరోజే జవాబు రాకపోవచ్చు. వచ్చిన రోజున మాత్రం, చివరిదాకా వినండి.