మూడు నిమిషాల రీల్, పన్నెండు గంటల పూస

ముందు నా చేతిలో ఉన్నది చూడండి. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తారా? ఆ, చాలు. ఇది గాజు పూస. నీలం మీద తెల్ల చుక్కలు. సరిగ్గా మధ్యలోంచి రెండు ముక్కలైంది. దీన్ని నేనే చేశాను, 150 రూపాయలకి నేనే అమ్మాను. ఇరవై రోజుల తర్వాత ఇలా తిరిగొచ్చింది.

రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ఫోటో పెట్టింది ఆ అమ్మాయి. "అక్కా, నేను కింద పడేయలేదు. బీరువాలో డబ్బాలోనే ఉంది. ఫంక్షన్‌కి వేసుకుందామని తీస్తే ఇలా ఉంది." దానికి నేనేం రిప్లై ఇచ్చానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "గాజు కదండీ, జాగ్రత్తగా వాడుకోవాలి" అని పెట్టాను. పక్కన ఒక దండం ఇమోజీ కూడా.

ఆ వారంలోనే ఇంకో రెండు ఫోటోలు వచ్చాయి. అప్పుడు భయం పట్టుకుంది. ఎందుకంటే అప్పటికి 112 లాకెట్లు అమ్మేశాను.

నాది తిరుపతి. బీకామ్ చదివాను. అందరిలాగే నేను కూడా ఫోన్‌లో రీల్ చూసే ఇందులోకి దిగాను. ఒక మంట, ఒక గాజు కడ్డీ, కరిగి తేనెలా జారుతుంటే తిప్పుతూ తిప్పుతూ పూస చేసేస్తారు. దీన్ని ల్యాంప్‌వర్క్ అంటారు. అమ్మ చీటీ పాడి 40,000 ఇచ్చింది. దాంతో టార్చ్ కొన్నాను. టార్చ్ అంటే వెలుగునిచ్చేది కాదు, కంసాలి వాళ్లు ఊదే గొట్టానికి పెద్దక్క అనుకోండి. గ్యాసుకి తోడు ఆక్సిజన్ కావాలి. కరోనా అయిపోయాక ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు చాలా ఇళ్లలో మూలన పడున్నాయి కదా, అలాంటిది ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. పూస చుట్టడానికి సన్నటి స్టీలు చువ్వ కావాలి, అది మా మామ వెల్డింగ్ షాపులో ఫిల్లర్ రాడ్. దాని మీద బంకమట్టి లాంటి పూత పూసి ఆరబెడతాం. లేదంటే గాజు చువ్వకే అతుక్కుపోయి ఇక ఊడిరాదు.

ఇంత కొన్నాను కానీ ఒకటి కొనలేదు. కిల్న్. అంటే చిన్న కరెంటు బట్టీ. ఎందుకు కొనలేదంటే, రీల్‌లో అది కనపడలేదు! మూడు నిమిషాల్లో పూస అయిపోయింది, చివర్లో అమ్మాయి నవ్వింది, వీడియో అయిపోయింది. ఎక్కడో చదివి, నర్సరీలో మొక్కలకి వాడే వెర్మిక్యులైట్ తెచ్చి ఒక గిన్నెలో పోసి, వేడి పూసని అందులో గుచ్చేసేదాన్ని. గంటలో చల్లారేది. కడిగి, తీగ చుట్టి, ఫోటో తీసి అమ్మేసేదాన్ని.

మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, లాంతరు వెలుగుతున్నప్పుడు దాని గ్లాసు మీద ఒక్క నీటి చుక్క పడితే ఏమవుతుందో. టప్‌మని పగులుతుంది. పూసలో కూడా అదే జరుగుతుంది, కాకపోతే మెల్లగా, కనపడకుండా. పైపొర ముందు చల్లారి గట్టిపడిపోతుంది. లోపల ఇంకా వేడిగా మెత్తగా ఉంటుంది. తర్వాత లోపలిది చల్లారుతూ ముడుచుకోవాలని చూస్తుంది, కానీ పైపొర అప్పటికే బిగిసిపోయింది, కదలదు. లోపలిది లాగుతుంది, పైది వదలదు. ఆ లాగుడు గాజులో అలాగే ఉండిపోతుంది. రేపు పగలొచ్చు, ఆరు నెలలకి పగలొచ్చు, బీరువాలో డబ్బాలో కూర్చునే పగలొచ్చు. పాపం ఆ అమ్మాయి నిజమే చెప్పింది.

ఈ లాగుడు పోవాలంటే పూసని మంట నుంచి తీయగానే కిల్న్‌లో పెట్టాలి. నేను వాడే మురానో రకం మెత్తటి గాజుకైతే 510 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతాను. తర్వాత గంటకి 50, 60 డిగ్రీల చొప్పున 370 దాకా దించుతాను. అక్కడ ఆఫ్ చేసి, తలుపు తీయకుండా రాత్రంతా వదిలేస్తాను. దీన్ని ఆనీలింగ్ అంటారు. బోరోసిలికేట్ గాజుకి ఇంకా ఎక్కువ వేడి కావాలి, కాబట్టి మీరు కొన్న గాజుకి తయారుచేసినవాళ్లు ఇచ్చిన లెక్క చూసుకోండి, నాది కాపీ కొట్టొద్దు. టార్చ్ దగ్గర కూర్చున్నప్పటి నుంచి పూస బయటికొచ్చేదాకా కలిపితే పన్నెండు గంటల పైనే. వెర్మిక్యులైట్ చల్లారడాన్ని కొంచెం ఆలస్యం చేస్తుంది అంతే, ఈ పని చేయదు.

ఇదంతా నాకు ముందు చెప్పింది యూట్యూబ్ కాదండీ. తిరుపతికి దగ్గర్లోనే, ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అని ఒక ఊరుంది. రేణిగుంట, కాళహస్తి వైపు వెళ్లేవాళ్లలో చాలామందికి ఆ పేరు కూడా తెలీదు. పూసల చరిత్ర మీద పని చేసిన పీటర్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకుడు అమెరికా నుంచి వచ్చి ఆ ఊరి పని గురించి రాశాడు. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దాదాపు రెండు వేల ఏళ్ల కిందట చేసిన చిన్న చిన్న రంగు పూసలు, సముద్రాలు దాటి ఇటు ఆఫ్రికాకి, అటు ఆగ్నేయాసియాకి వెళ్లిన పూసలు, ఆ పద్ధతి మన పాపానాయుడుపేటలో బతికి ఉందని ఆయన చెప్పింది. నేను పుట్టి పెరిగిన ఊరికి అంత దగ్గర. నేను మాత్రం ఇటలీ వీడియోలు చూస్తూ కూర్చున్నాను!

అక్కడ పద్ధతి వేరు. కొలిమిలో కరిగిన గాజుని ముద్దగా పొడవాటి ఇనప గొట్టానికి పట్టించి, దాని కొసని కొక్కెంతో అందుకుని లాగుతూ పోతారు. సన్నటి గొట్టం వస్తూనే ఉంటుంది, మధ్యలో బోలుగా. దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి, బెజ్జం మూసుకుపోకుండా బూడిద పట్టించి మళ్లీ కాలుస్తారు, అంచులు గుండ్రబడతాయి. అక్కడ ఒక పెద్దాయనకి నా పగిలిన పూస చూపించాను. ఆయన వేలితో తిప్పి చూసి, "ఇంత లావు పూసని ఊరికే బయట పెడితే ఎట్లా నిలస్తాదమ్మా?" అన్నాడు. అంతే. చిన్న పూస పైనా లోపలా దాదాపు ఒకేసారి చల్లారుతుంది, ఎలాగోలా బతికిపోతుంది. నావి రూపాయి బిళ్లంత లాకెట్లు.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను, కొన్న అందరికీ మెసేజ్ పెడతానని. అమ్మ కూర తరుగుతూ తరుగుతూ ఆగిపోయింది. "నీ సరుకు బాలేదని నువ్వే వందమందికి చెప్పుకుంటావా? పగిలినోళ్లు అడిగితే ఇయ్యి, అడగనోళ్లని ఎందుకు లేపడం?" అంది. ఆమె తప్పు కాదు, చీటీ వాయిదాలు ఇంకా కడుతోంది. 112 ఇంటూ 150 అంటే 16,800. అంత నా దగ్గర లేదు.

మూడు రోజులు ఏమీ చేయలేదు. నాలుగో రోజు పెట్టాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసి, "పగిలితే డబ్బులిస్తాను. పగలకపోతే నాకు పంపండి, సరిచేసి పంపుతాను, కొరియర్ నాదే" అని. ఎనభై మంది దాకా రిప్లై ఇచ్చారు. కొందరు "బానే ఉంది అక్కా, ఉంచుకుంటాం" అన్నారు. ఇద్దరు తిట్టారు, ఒకాయనైతే చాలా శ్రద్ధగా, మూడు వాయిస్ మెసేజ్‌లలో. పగిలినవి మొత్తం పదకొండు. 46 నా దగ్గరికి తిరిగొచ్చాయి. మంచి విషయం ఏంటంటే పగలని పూసని మళ్లీ మెల్లగా వేడెక్కించి ఆనీల్ చేయొచ్చు. ల్యాబుల్లో వాడే మఫిల్ ఫర్నేస్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వాయిదాల మీద తీసుకున్నాను. టెంపరేచర్ కంట్రోలర్ ఉన్నది చూసి తీసుకోండి, అది లేకపోతే అది ఒట్టి ఇనప డబ్బా.

అయిపోయింది కదా అనుకున్నాను. అవ్వలేదు. కిల్న్‌లోంచి వచ్చాక కూడా కొన్ని పగిలాయి.

ఇక్కడ మీకో ట్రిక్ చెప్తాను, పైసా ఖర్చు లేదు. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ స్క్రీన్ మీద తెల్ల పేజీ పెట్టండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు ఒకటి తీసుకుని స్క్రీన్ ముందు తిప్పుతూ ఉంటే ఒక దగ్గర స్క్రీన్ నల్లగా అయిపోతుంది. అక్కడ ఆపి, మధ్యలో పూసని పెట్టండి. వెలుగు దాటే గాజులో ఒత్తిడి ఉంటే అక్కడ తెల్లగా మెరుస్తుంది. దెయ్యంలా దొరికిపోతుంది. రంగు మందంగా ఉండి వెలుగు దాటని గాజుకి మాత్రం ఇది పనిచేయదు.

నా పూసల్లో చుక్కల చుట్టూ మెరిసింది. కారణం ఏంటంటే నీలం కడ్డీ ఒక చోటది, తెల్లది ఇంకో చోటది. చవగ్గా వస్తుందని పేరూ ఊరూ లేని తెల్ల గాజు కిలోల లెక్కన తెచ్చాను. ప్రతి గాజుకీ వేడికి ఎంత వ్యాకోచిస్తుందో ఒక అంకె ఉంటుంది. మురానో రకానికి 104, బోరోకి 33. అంకెలు కలవని రెండింటిని అతికిస్తే ఎంత ఆనీల్ చేసినా ఉపయోగం లేదు, చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఒకటి తక్కువ. జాతకాలు కలవలేదన్నమాట. తెలుసుకోవడం తేలికే. రెండు గాజుల్నీ పక్కపక్కన అతికించి, కరిగించి, దారంలా లాగండి. చల్లారాక దారం నిటారుగా ఉంటే పర్వాలేదు. విల్లులా వంగితే ఆ రెండింటినీ కలపొద్దు.

ఇప్పుడు డబ్బుల సంగతి. మీలో ఎక్కువమంది దీనికోసమే కూర్చున్నారని తెలుసు.

150 ధర ఎలా పెట్టానో తెలుసా? గాజు 20, గ్యాసు 15, తీగ, డబ్బా 60, మిగతాది లాభం. కిల్న్ ఎందుకు కొనలేదని ఇందాక రీల్ మీద నెట్టేశాను కానీ, అసలు నా ధరలోనే కిల్న్‌కి చోటు లేదు. నా టైముకీ లేదు. ఇప్పుడు లెక్క ఇలా వేస్తాను. రోజుకి నాలుగు గంటలే టార్చ్ దగ్గర కూర్చుంటాను, అంతకంటే కళ్లూ మెడా ఒప్పుకోవు. ఇరవై లాకెట్లు చేస్తే నాలుగు నాకే నచ్చవు, పదహారు మిగులుతాయి. బెజ్జం శుభ్రం చేయడం, తీగ చుట్టడం, ఫోటోలు, "ఇదే వేరే రంగులో ఉందా అక్కా" మెసేజ్‌లు, ప్యాకింగ్ ఇంకో ఐదు గంటలు. గంటకి వంద వేసుకుంటే 900. గ్యాసు, కరెంటు 400. గాజు 320. తీగ, తాడు, డబ్బాలు 960. మొత్తం 2,580. పదహారుతో భాగిస్తే ఒక్కోటి 161. పగిలేవి, తిరిగొచ్చేవి, పాడయ్యే సామాను అన్నీ కలుపుకుని 200 అనుకుంటాను. నేరుగా కొన్నవాళ్లకి 450కి ఇస్తాను. షాపుకి ఇస్తే వాళ్లు నలభై శాతం తీసుకుంటారు, నాకు 270 వస్తుంది. అందుకే 450. అత్యాశ కాదు.

ధర పెంచాక సగం మంది పోయారు. నిజం చెప్తున్నాను. "ఇదే బజార్లో 80కి వస్తుంది" అంటారు. వస్తుంది, అది అచ్చులో నొక్కి చేసింది, దాని మీద నాకేం కోపం లేదు. వారానికి పాతిక అమ్ముతున్నాను. మూఢంలో, ఆషాఢంలో అదీ ఉండదు. ఉద్యోగం మానేసి రమ్మని మాత్రం నేను ఎవ్వరికీ చెప్పను.

ఇంకొన్ని చకచకా చెప్పేస్తా. ఇంట్లో వంట సిలిండర్‌తో వ్యాపారం చేయకూడదు, అది చట్టం ఒప్పుకోదు, 19 కిలోల కమర్షియల్ తీసుకోండి. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది, పైన కిటికీ ఉంది కదా అని ధైర్యపడొద్దు. ఆక్సిజన్ పైపు దగ్గరికి నూనె చేతులు రానివ్వొద్దు. నైలాన్ చున్నీ వద్దు, కాటనే. గాజు కరిగేటప్పుడు సోడియం వల్ల పచ్చటి వెలుగు కళ్లని కమ్మేస్తుంది, దానికి డిడీమియం కళ్లద్దాలు ఉంటాయి, కూలింగ్ గ్లాసులు పనికిరావు. బెజ్జంలో పూత గీకేటప్పుడు నీళ్లలో ముంచి గీకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. డబ్బులు అడిగే వెబ్‌సైట్ కనపడితే అది ప్రభుత్వానిది కాదు, బయటికి వచ్చేయండి. హస్తకళల వాళ్లకి ఇచ్చే పెహచాన్ కార్డు గురించి కూడా కనుక్కోండి. పీఎం విశ్వకర్మ గురించి చాలామంది అడుగుతారు. అందులో ఉన్న 18 వృత్తుల్లో గాజు పని లేదు. కుమ్మరి ఉన్నాడు, కంసాలి ఉన్నాడు, పూల దండలు కట్టేవాళ్లు ఉన్నారు. మన భాషలో గ్లాసుకీ చేతి గాజుకీ ఒకటే మాట, పాపానాయుడుపేట మన దగ్గరే ఉంది. అయినా లేదు. ఎందుకో వాళ్లనే అడగాలి.

ఆ మొదటి ఫోటో పంపిన అమ్మాయికి డబ్బులు పంపాను, ఆ దండం ఇమోజీకి సారీ కూడా చెప్పాను. ఆమె తిరిగి కొనలేదు. పోయిన నెల వాళ్ల వదిన కొంది. "పగలదు కదా?" అని అడిగింది. "నేల మీద పడితే పగులుతుంది. డబ్బాలో ఉంటే పగలకూడదు, పగిలితే నాకు ఫోటో పెట్టండి" అన్నాను.

ఈ ముక్కలు టేబుల్ మీద పెడుతున్నాను, కావాలంటే వచ్చి దగ్గర్నుంచి చూడండి, అంచు కోసుకుంటుంది జాగ్రత్త. నేను బయల్దేరాలి. మధ్యాహ్నం చేసిన పూసలు కిల్న్‌లో ఉన్నాయి. అమ్మకి తలుపు తీయొద్దని చెప్పి వచ్చాను, కానీ ఆమెకి ఆత్రం ఎక్కువ.