గేదెల మూగ ఎద
భిలాయి ఎండల్లో గేదె ఎదకొచ్చినా చాలాసార్లు అరవదు. దీన్నే మూగ ఎద అంటారు. సుమారు 21 రోజులకోసారి వచ్చే ఎద దాదాపు ఒక్కరోజులో ముగుస్తుంది, అదీ ఎక్కువగా రాత్రిపూట. అందుకే వేకువనే పాకలోకి వెళ్లి చూడండి: మానం ఉబ్బిందా, గాజులా తేటగా జిగురు తీగలు వేలాడుతున్నాయా, మాటిమాటికీ మూత్రం పోస్తోందా, పాలు సరిగా చేపడం లేదా? పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున కృత్రిమ గర్భధారణ సూది వేయించండి. చూడి నిలిస్తే ఈనడానికి సుమారు 310 రోజులు; ఆవుకైతే 280. ఎండ వేడికి ఎద అణగకుండా మధ్యాహ్నం నీడన కట్టి ఒంటిమీద నీళ్లు పోయండి, మందులకన్నా చవకే కదా! మూడుసార్లు వేయించినా చూడి నిలవలేదా? దుర్గ్ దగ్గర అంజోరాలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ గర్భసంచి పరీక్ష చేయించండి.