పాత కొయ్య ఇంటికి కొత్త గది
(సంఘం యువజన సమావేశంలో ఒక హాస్టల్ వార్డెన్ ప్రసంగ పాఠం)

 

సెలవుల నుంచి వచ్చిన పిల్లల్ని ‘ఇంటి దగ్గర పుస్తకం తీశారా?’ అని అడిగితే, ఎక్కువమంది చెప్పే జవాబు ‘చోటు లేదు మేడం’ అనే. నిజమే. పొయ్యి, ధాన్యం, పడకలు అన్నీ ఒకటే గదిలో. పదో తరగతి చదివే ఆడపిల్ల దీపం పెట్టుకుని కూర్చోవడానికి మూల కూడా ఉండదు. అందుకే ఈ రోజు ఇంటికి ఒక గది కలపడం గురించి మాట్లాడతాను.

గది కావాలనగానే మనవాళ్లకు వచ్చే ఆలోచన పాత ఇల్లు పీకేసి సిమెంటు ఇల్లు మొదలుపెట్టడం. డబ్బు మధ్యలో ఆగితే గోడలు మొండిగా మిగులుతాయి, కుటుంబం టార్పాలిన్ కింద వానాకాలం గడుపుతుంది. సిమెంటు ఇల్లు వద్దని నేననను. కానీ నిలబడి ఉన్న ఇంటిని పడగొట్టే ముందు దాన్ని పరీక్ష చేయండి.

మన ఇంట్లో బరువు మోసేది గోడ కాదు, గుంజలు. పైకప్పు వాసాల మీద, వాసాలు దూలాల మీద, దూలాలు గుంజల మీద ఉంటాయి. తడక, మట్టి గోడ అడ్డు మాత్రమే. కాబట్టి గుంజలు బాగుంటే ఇల్లు బాగున్నట్టే. గుంజ ముందుగా కుళ్లేది నేలకు తగిలే చోట. తడి, గాలి రెండూ తగిలేది అక్కడే. అక్కడ కొంచెం మట్టి తీసి చాకుతో గుచ్చండి. మెత్తగా దిగితే గుంజ మార్చాలి. పై పొర ఊడి, లోపల చేవ గట్టిగా తగిలితే ఇంకా పని చేస్తుంది. చెదలు కట్టిన మట్టి దారులు ఉన్నాయేమో కూడా చూడండి.

ఇక గది ఎటు పక్క? చాలామంది చూరును కిందికి పొడిగించి పంచ దింపుతారు. ఒక లెక్క వేద్దాం. చూరు ఆరున్నర అడుగుల ఎత్తులో ఉంది. పెంకుల కప్పు రెండడుగులకు ఒక అడుగు చొప్పున దిగుతోంది. ఎనిమిది అడుగుల గది దించితే కప్పు నాలుగు అడుగులు పడుతుంది. అవతలి చివర మిగిలేది రెండున్నర అడుగులు. అందులో మేక పడుకుంటుంది గానీ పిల్ల చదువుకోలేదు. వాలు తగ్గిస్తే పెంకుల సందుల్లోంచి వాన లోపలికి వస్తుంది. అందుకే చోటుంటే ఇంటి పొడవు వెంట, కొప్పు సాగే దిక్కునే గది కలపండి. ఎత్తు తగ్గదు.

కొత్త గదికి సొంత గుంజలు ఉండాలి. పాత గుంజకే కొత్త దూలం కొట్టేయకండి. పాత కొయ్య ఎండిపోయింది, నేలలో సర్దుకుపోయింది. కొత్త కొయ్య ఎండుతూ కుంచించుకుంటుంది, కొత్త గుంజ కాస్త దిగుతుంది. రెండిటినీ బిగించి కట్టేస్తే ఒకటి రెండోదాన్ని లాగుతుంది. మధ్య రెండు మూడు అంగుళాలు వదిలి తడకతో, మట్టితో మూయండి. అక్కడ ఏటా సన్నగా బీట పడుతుంది, ఏటా మెత్తుకుంటాం. కొత్త కొప్పును కాస్త దించి, పాత కప్పు అంచు కిందికి ఒక అడుగు జొనపండి. అప్పుడు పాత కప్పు నీళ్లు కొత్త కప్పు మీద పడి పోతాయి, సందులోకి దిగవు.

రెండు గదుల మధ్య వాకిలి కోసం గోడ తీయొచ్చు. గుంజను, దూలాన్ని మాత్రం ముట్టుకోకూడదు.

ముగ్గు వేసేటప్పుడు హాస్టల్లో నేర్చుకున్న పైథాగరస్ పనికొస్తుంది. మూలలో ఒక వైపు మూడు, ఇంకో వైపు నాలుగు అడుగులు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా ఐదు అడుగులుంటే మూల మట్టం. పది, పన్నెండు అడుగుల గదికి రెండు కర్ణాలూ పదిహేను అడుగుల ఏడున్నర అంగుళాలకు దగ్గరగా, ఒకదానికొకటి సమానంగా రావాలి.

గుంజను సిమెంటులో పాతితే కలకాలం ఉంటుందనుకుంటారు. చెక్కకు, సిమెంటుకు మధ్య నీరు దిగి బయటికి పోలేదు, గుంజ లోపలే కుళ్లుతుంది. నేలకు పైన రాతి దిమ్మ మీద నిలబెట్టి, గుంజకూ దూలానికీ మధ్య ఏటవాలు కట్టు వేయడం మేలు. గోదావరి పక్క ఊళ్లవాళ్లు అరుగు ఎత్తు పెద్దల్ని అడిగి పెట్టండి. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది నీరు. మీ వాకిట్లో అది ఎక్కడిదాకా వచ్చిందో వాళ్లకు గుర్తుంటుంది.

కొయ్య మాట. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది, కలపను చేర్చలేదు. ఇంటికోసమే కదా అని టేకు చెట్టు నరికితే కేసు అవుతుంది. పొలంలో చెట్టుకైనా ముందు అనుమతి కనుక్కోండి. అంతకంటే ముందు ఇంట్లో, పశువుల పాకలో ఉన్న పాత కొయ్యను లెక్క రాయండి. వెదురు మూడేళ్లు దాటినదే కొట్టండి. కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెడితే పురుగు తక్కువ పడుతుంది.

కొయ్య ఇంటికి ఒక సౌకర్యం ఉంది. గోడలకంటే ముందే కప్పు వేసుకోవచ్చు. సంక్రాంతి తర్వాత గుంజలు, ఎండల్లో కప్పు, మృగశిరకు ముందు తడకలు. డబ్బు మధ్యలో ఆగినా కప్పు కింద నీడ మిగులుతుంది. కిటికీ మాత్రం మరిచిపోకండి, చదివే చోటికి పక్క నుంచి వెలుగు రావాలి. పొయ్యి ఆ గోడకు దూరంగా, కరెంటు తీగ పైపులోంచి పోవాలి.

చివరిగా ఒక పని. ఈ సెలవుల్లో మీ ఇంటిని టేపుతో కొలిచి బొమ్మ గీయండి. ప్రతి గుంజకు ఒక అంకె వేసి, పక్కన దాని పరిస్థితి రాయండి. నిట్రాడును, వాసాన్ని, చూరును మన భాషలో ఏమంటారో తాతల్ని, అవ్వల్ని అడిగి ఆ పేర్లూ రాయండి. డిగ్రీ చదివిన మీకు లెక్క తెలుసు, వాళ్లకు కొయ్య తెలుసు. ఆ రెండూ కలిస్తే మీ చెల్లెలికి చదువుకునే చోటు దొరుకుతుంది.